తేదీకి ఒక రోజు కలిపిన మనిషి

బ్రాడీపేట నాలుగో లైను మలుపులో మొన్న ఒక ఫ్లెక్సీ కట్టారు. ఆటో ఎక్కబోతూ తల ఎత్తి చూశాను. అందులో ఉన్నది ఆయనే. ఎప్పుడూ ఉండే నీలిగీతల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఫొటో తీసేవాణ్ని కూడా ఏదో ప్రశ్న అడగబోతున్నట్టు ముందుకు వంగిన మొహం. కింద జననం, మరణం అని రెండు తేదీలు. మరణం తేదీ ఆసుపత్రి కాగితం చూసి రాసి ఉంటారు, సరైనదే అయి ఉంటుంది. జననం దగ్గర జనవరి ఒకటి అని వేశారు. అది అబద్ధం.

ఆయన పుట్టినరోజు ఆయనకు తెలియదు. మిరప చేలో రెండో కోత కోస్తుండగా నొప్పులు వచ్చాయని తల్లి చెప్పిన గుర్తు ఒక్కటే ఉంది. ఏ కాగితంలో ఆ గడి కనబడినా గుమాస్తాతో పేచీ పెట్టుకునేవాడు. "తెలియదని రాయండి" అనేవాడు. "అట్లా కుదరదండి, ఏదో ఒకటి చెప్పండి" అనేవాళ్లు. "ఏదో ఒకటి అయితే నన్నెందుకు అడగడం, మీరే వేసుకోండి" అనేవాడు. చివరికి వాళ్లే వేసుకున్నారు.

ఆయన పేరు నేను చెప్పను. పేరు చెబితే కొందరు కులం వెతుకుతారు, కొందరు ఆయన ప్రోగ్రాం రాసిపెట్టిన ఆసుపత్రి ఏదో వెతుకుతారు. నేను చెప్పదలచిన తప్పు ఒక పేరుతోనో ఒక ఆసుపత్రితోనో తీరిపోయేది కాదు.

ఆయన కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. మందుల షాపు మీద ఒక ఇరుకు గది. అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు, తిరిగేటప్పుడు మూలిగే ఫ్యాను. పర్చూరు, ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు నుంచి పొద్దున బస్సులకు వచ్చే పిల్లలు. పత్తి, మిర్చి పండించే ఇళ్ల పిల్లలు, ఆ చేలల్లో కూలికి పోయే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. మా హేతువాద సభకు పిలవడానికి ఒకసారి వెళ్లి, పాఠం జరుగుతుంటే వెనక కూర్చుండిపోయాను. కొత్త బ్యాచికి అది మొదటి రోజు.

"లేవరా. నీ పుట్టినరోజు చెప్పు" అన్నాడు ముందు వరసలో వాణ్ని.

"స్కూల్లోదా సార్, ఇంట్లోదా?"

గది గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

"రెండూ చెప్పు."

"స్కూల్లో జూన్ పది సార్. ఇంట్లో... వినాయకచవితికి ముందండి."

"ఎన్ని రోజులు ముందు?"

"అమ్మనడగాల సార్."

"అడిగి రా. అప్పటిదాకా నీకు రెండు వేరియబుల్స్, అంటే రెండు గళ్లు. ఒకటి నిండింది, ఒకటి ఖాళీ. ఖాళీదాన్ని ఖాళీగానే ఉంచు. సిగ్గుపడి ఏదో ఒకటి పొయ్యమాక."

అప్పుడు బోర్డు మీద రాశాడు: డిమ్ పుట్టినరోజు యాజ్ డేట్. ఇంగ్లీషు ముక్కల మధ్య ఆ తెలుగు మాట ఉంచి, కింద గీత గీశాడు.

"ముందు ప్రకటించాలి. ఇది తేదీ అని యంత్రానికి చెప్పాలి. చెప్పకపోతే అది వట్టి అక్షరాలనుకుంటది. అక్షరాలకి నిన్నా రేపూ ఉండవు. అక్షరాల లెక్కన పదో తారీకు రెండో తారీకు కన్నా ముందొచ్చేస్తది. తేదీ అని చెప్పారా, అప్పుడది లోపల ఒక అంకె. ఎప్పటిదో ఒక మొదటి రోజు నుంచి ఎన్ని రోజులయిందో ఆ లెక్క. మీకు తెర మీద కనబడేది దాని వేషం. వేషం మారిస్తే రోజు మారదు."

తర్వాత బోర్డు మీద సున్నా అయిదు, గీత, సున్నా ఆరు అని రాసి ఇది ఏ నెల అని అడిగాడు. సగం మంది మే అన్నారు, సగం మంది జూన్ అన్నారు. "ఇది మందు సీసా మీద ఉందనుకోండి" అన్నాడు.  ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు ఈనాటికీ నెలను అంకెలో రాయరు, అక్షరాల్లో రాస్తారు. ఒక బ్యాంకులోనో ఆఫీసులోనో ఎవరైనా అట్లా రాయడం చూస్తే, ఆ మేడ మెట్లు ఎక్కినవాళ్లేమో అని నేను వాళ్ల మొహాలు పరీక్షగా చూస్తాను.

ఇంకొక సంగతి ఆయన చెబుతుండగా చాలాసార్లు విన్నాను. ఆయన నేర్పే ప్రోగ్రాం భాషలో తేదీ వేరియబుల్ ప్రకటించి, విలువ ఇవ్వకుండా వదిలేస్తే, యంత్రం దాన్ని ఖాళీగా ఉంచదట. తేదీ చూపించమంటే పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది, డిసెంబరు ముప్పై అని చూపిస్తుందట. "తెలియదని చెప్పడం దానికీ చేతకాదు మాస్టారూ. మనుషులు చేసిందే గదా" అనేవాడు.

మనిషికి తేదీల పిచ్చి. టీకొట్టులో బన్ను ఇస్తే, తినే ముందు కవరు తిప్పి చూసేవాడు. నేను అచ్చు వేయించిన కరపత్రాలు ఎర్ర పెన్ను గీతలతో నా దగ్గరికే తిరిగొచ్చేవి. "ఈ ఆదివారం సభ అని వేశారు. ఏ ఆదివారం? ఇది ఎవరి చేతికి ఎప్పుడు అందుతుందో మీకు తెలుసా?" మూఢనమ్మకాల మీద నేను రాసిన నాలుగు పేరాల గురించి ఒక్క ముక్క అనేవాడు కాదు. నాకు కోపం వచ్చేది. కానీ మా సభలకు ఒక వారం ఆలస్యంగా వచ్చి తలుపు తాళం చూసి వెళ్లినవాళ్లు నిజంగానే ఉండేవారు.

ఆదివారం తల్లితో చర్చికి వెళ్లేవాడు. ఆమె పోయాక కూడా వెళ్లేవాడు. దీని మీద నేను చాలా ఏళ్లు ఆయనతో వాదించాను. ఒకరోజు అన్నాడు: "మీరు దేవుడి గడిలో లేడు అని రాశారు. మా పాస్టరుగారు ఉన్నాడు అని రాశారు. నేను ఇంకా ఖాళీగా ఉంచాను. నన్ను ఒత్తిడి పెట్టమాకండి." ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు.

ఇట్లాంటి మనిషి ముహూర్తాల కోసం ప్రోగ్రాం రాశాడు.

మా ఊళ్లో కాన్పు ఆపరేషను ఎప్పుడు చెయ్యాలో చాలా ఇళ్లలో పంచాంగం చెబుతుంది. తల్లి ఒంటి పరిస్థితి చూసి డాక్టరు ఒక గడువు చెబుతారు. ఇంటివాళ్లు ఆ గడువు తీసుకెళ్లి పురోహితుడి ముందు పెడతారు. ఆయన ఘడియలు గుణించి, చీటీ మీద ఒక సమయం రాసి ఇస్తాడు. ఆ చీటీని చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లలో ఇంజినీర్లున్నారు, సైన్సు టీచర్లున్నారు. పిల్లవాడి జాతకాన్ని కత్తితో దిద్దవచ్చని నమ్మేవాళ్లు, ఆ జాతకం ముందే రాసిపెట్టి ఉంటుందని ఎట్లా నమ్ముతారు? ఈ ప్రశ్న నేను వేదికల మీద వందసార్లు అడిగాను. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా చీటీలు రాయించుకున్నారు.

ఆయన కోచింగు గదికి దగ్గర్లోనే ఒక కాన్పుల ఆసుపత్రి. ఆపరేషన్ల జాబితా తయారుచేసే ప్రోగ్రాం రాసిపెట్టమని వాళ్లు ఆయన్ని అడిగారు. అందులో ముహూర్తం అని ఒక గడి ఉండాలన్నారు. సంగతి తెలిసి నేను మండిపడ్డాను.

"ఏమయ్యా, పొట్ట కొయ్యడానికి పంతులు టైము పెట్టడమేంటి, దాన్ని నువ్వు కంప్యూటరుకెక్కించడమేంటి?"

"నేను ఎక్కించకపోతే కాగితాల మీద రాసుకుంటారు. కాగితాల మీదయితే తప్పులొస్తయి. నేను చేస్తే సరిగ్గా ఉంటది."

"తప్పుడు పనిని సరిగ్గా చేస్తావా?"

"ఏ పనైనా సరిగ్గానే చేస్తాను మాస్టారూ."

ఆ జవాబు నాకు నచ్చింది. నవ్వి ఊరుకున్నాను. అంతకన్నా గట్టిగా ఆ రోజు అడ్డుపడలేదు.

సరిగ్గా చెయ్యడం కోసం ఆయన పంచాంగం నేర్చుకున్నాడు. చర్చికి వెళ్లే మనిషి, ఆ పుస్తకం ఇంట్లో ఎప్పుడూ లేని మనిషి, ఒక పురోహితుడి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాడు. యంత్రానికి రోజు అర్ధరాత్రి మొదలవుతుంది. పంచాంగానికి సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకని గురువారం తెల్లవారకముందు నాలుగు గంటలంటే, పంచాంగం దృష్టిలో అది ఇంకా బుధవారమే. మన పెళ్లిపత్రికల మీద "తెల్లవారితే గురువారం" అని వేస్తారే, అది ఇందుకే. చీటీ మీద బుధవారం అని ఉంటుంది కానీ ఆపరేషను జరగాల్సింది గడియారం లెక్కన గురువారం. ఈ తేడాను గుమాస్తాలు మరిచిపోతారని ఆయన ప్రోగ్రాంలో ఒక లైను రాశాడు: సమయం సూర్యోదయం కన్నా ముందుదైతే, తేదీకి ఒకటి కలుపు.

చాలా ఏళ్లు అది సరిగ్గానే పనిచేసింది. రిసెప్షనులో ఉండే పాతావిడ చీటీ మీద ఎట్లా ఉంటే అట్లా కొట్టేది. యంత్రం ఒక రోజు కలిపేది. ఆవిడ మానేసిన తర్వాత ఒక కొత్త అమ్మాయి చేరింది. డిగ్రీ చదివింది, చురుకైనది. ఒక సోమవారం నాడు చిలకలూరిపేట అవతలి పల్లె నుంచి ఒక నిండు గర్భిణిని తీసుకొచ్చారు. ఉమ్మనీరు తగ్గుతోందని, గురువారం దాటనివ్వొద్దని డాక్టరు చెప్పారు. ఇంటివాళ్లు చీటీ రాయించుకొచ్చారు: బుధవారం, తెల్లవారుజామున నాలుగూ ముప్పయ్యారు. ఆ అమ్మాయికి ఈ పద్ధతి తెలుసు. ఇది గడియారం లెక్కన గురువారం కదా అని తనే సరిచేసి గురువారం అని కొట్టింది. ఆమె చేసింది తప్పు కాదు. యంత్రం మళ్లీ ఒక రోజు కలిపి శుక్రవారం చేసింది.

బుధవారం సాయంత్రం వాళ్లు సంచి సర్దుకుని ఆసుపత్రికి వచ్చారు. డ్యూటీలో ఉన్న నర్సు జాబితా చూసి, "మీది శుక్రవారం అండీ, రేపు రండి" అంది. వాళ్లు పురోహితుడికి ఫోను చేశారు. కంప్యూటరులో గుణించి ఉంటారు, శుక్రవారమూ మంచిదేనని ఆయన అన్నాడు. డాక్టరు చెప్పిన గడువు అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు. చీటీ చెప్పింది, యంత్రం చెప్పింది, ఇంక డాక్టరుతో పనేముంది? గురువారం మధ్యాహ్నం బిడ్డ కదలడం ఆగిపోయింది.

ఆయన మా ఇంటికి వచ్చింది ఆ తర్వాతి వారంలో, ఎండ మాడుతున్న వేళ. చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు.

"నేను చంపాను మాస్టారూ."

నేను వాదించాను. చంపింది ముహూర్తం, ఆ చీటీ, ఆ చీటీని అనుమతించిన ఆసుపత్రి అన్నాను. వేదిక మీద చెప్పినంత బాగా చెప్పాను. ఆయన విన్నాడు.

"కలిపింది నేను. కలిపానని తెర మీద ఒక్క ముక్క చూపించలా. చెప్పకుండా కలిపాను. ఆసుపత్రిలో ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు. ఆ అమ్మాయి సరిగ్గానే కొట్టింది." అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "ఆ ఇంట్లో కోడలి జాతకం వల్లే బిడ్డ పోయిందంటున్నారంట. పుట్టింటికి పంపేస్తారంట. నేను పోయి చెప్పాలి. మీరు తోడు రావాలి. మీకు వాదించడం వచ్చు."

వెళ్లాం. అవి మిర్చి ఎండబోసే రోజులు. ఊరి చివర కల్లంలో కాయలు పరిచి ఉన్నాయి, ఆడవాళ్లు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకు నా గొంతు పట్టేసింది. ఆ కోడలు కూడా ఆ వరసలోనే కూర్చుని ఉంది. కాన్పు ఆపరేషను జరిగి నెల దాటలేదు. భర్త చీమకుర్తి క్వారీల్లో లారీ మీద ఉన్నాడు. మామగారు కల్లం పక్కన రేకుల పాక కింద మంచం వేసుకుని ఉన్నాడు. మర్యాదగానే కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

ఆయన నిలబడే చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. తేదీ, సూర్యోదయం, ఒకటి కలపడం, రిసెప్షను అమ్మాయి ముందే కలపడం, రెండోసారి కలవడం. పాఠం చెప్పినట్టే చెప్పాడు. చివర, "మీ కోడలి తప్పేం లేదండి. తప్పు నాది" అన్నాడు.

మామగారు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత అడిగాడు. "తమరు చర్చికెళ్లేవాళ్లా?"

"అవునండి."

"మరి మా ముహూర్తాల సంగతి తమకేం తెలుసు?"

"తెలవదండి. అందుకే అడిగి నేర్చుకున్నా."

"బానే నేర్చుకున్నావులే" అన్నాడు. తమరు నువ్వు అయిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, అర్థం కానివాళ్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. "చూడయ్యా. నువ్వు చదువుకున్నోడివి, పొరపాటు చేసేవాడిలా లేవు. ఇన్నేళ్లు ఎవరికీ రాని పొరపాటు మాకే ఎందుకొచ్చింది? ఆ పిల్ల కాలు పెట్టిన ఏడే బోరెండిపోయింది. ఇప్పుడిది. దాని నక్షత్రమే నీ చేత ఆ తప్పు రాయించింది."

నేను ఆపుకోలేకపోయాను. "జాతకాలు చూసే గదండీ పెళ్లి చేసుకున్నారు?"

"చూసినాయనకి కనపడలా."

ఇట్లాంటి గోడను నా జీవితంలో చాలాసార్లు గుద్దుకున్నాను. తప్పు ఎవరి వల్ల జరిగిందో రుజువు చెయ్యవచ్చు. ఆ రుజువే మళ్లీ నమ్మకానికి సాక్ష్యమైపోతే ఏం చేస్తారు? ముహూర్తం అడిగింది తామేనని ఒప్పుకోవాల్సి వస్తుందని ఆ మనిషికి లోపల తెలుసు. కోడలి నక్షత్రం మామగారిని ఆ బరువు నుంచి కాపాడుతోంది. నా దగ్గర ఉపన్యాసం సిద్ధంగా ఉంది. ఆయన నన్ను చేత్తో వారించి, సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ప్రోగ్రాం అచ్చు తీసిన పేజీ. ఏ లైను రాసినా, దాని పక్కనే ఎప్పుడు రాశాడో తేదీ వేయడం ఆయనకు అలవాటు, నెల అక్షరాల్లో. ఒకటి కలిపే ఆ లైను కింద ఎర్ర గీత గీసి ఉంది.

"ఈ తేదీ చూడండి. ఇది నేను రాసేనాటికి మీ కోడలికి పెళ్లి కాలా. ఏడో క్లాసో ఎనిమిదో క్లాసో చదువుతా ఉండి ఉంటది. నేనెవరో తనకి తెలవదు, తనెవరో నాకు తెలవదు. తన నక్షత్రం నా చేత ఎట్లా రాయించుద్ది?"

మామగారు ఆ కాగితం వైపు చూడను కూడా చూడలేదు.

"అప్పటికి పుట్టింది గదా?" అన్నాడు.

ఆయన కాగితాన్ని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. 

దీనికి మంచి ముగింపు ఉందని ఎవరూ ఆశపడవద్దు. మేం వెళ్లి వచ్చిన పది రోజులకు ఆమెను పుట్టింటికి పంపేశారు. ఆసుపత్రివాళ్లు ప్రోగ్రాం ఇంకొకరి చేత రాయించుకున్నారు. అందులోనూ ముహూర్తం గడి ఉంది. ఆయన ఇంకెవరికీ ప్రోగ్రాములు రాయలేదు, పాఠాలు మాత్రం చెప్పాడు. మాటలు తగ్గిపోయాయి. కలపడం, తీసెయ్యడం అనే పాఠం వచ్చినప్పుడు కలిపింది తెర మీద చూపించే లైను ముందుగా రాయించేవాడని పిల్లలు నాతో అన్నారు. కల్లం దగ్గర ఆ మధ్యాహ్నం జరిగిన ఇంకొక్క సంగతి కోసమే నేను ఇదంతా రాశాను.

పాక కింద నుంచి లేచి మేం రోడ్డెక్కబోతుండగా వెనక నుంచి పిలుపు వినబడింది. ఆమె. చేతుల నిండా మిర్చి ఎరుపు, ఘాటుకు కళ్లల్లో నీళ్లు. ఆపరేషను కుట్ల మీద ఒక చెయ్యి పెట్టుకుని వస్తోంది.

"సార్, ఆ కాయితం నాకియ్యండి."

ఇచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో ఒక్క తెలుగు అక్షరం లేదు.

"ఇందులో నా పేరుందా?"

"లేదమ్మా."

"నా నక్షత్రం?"

"లేదు. ఎక్కడా లేదు."

"గురువారం పొద్దున్నే చేసుంటే బతికేదా?"

ఆయన తల దించుకున్నాడు. "తెలవదమ్మా. బతికేదేమో."

ఆమె తల ఊపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. తర్వాత కల్లం వైపు తిరిగి ఒకసారి చూసి, మళ్లీ ఆయన వైపు తిరిగింది.

"ఇందాక చెప్పిందే ఇంకోసారి చెప్పండి. నా పేరు లేదని. కొంచెం గట్టిగా చెప్పండి సార్, ఆళ్లకి వినపడాల."

ఆయన చెప్పాడు. కాయలు ఏరుతున్న చేతులు ఆగిపోయేంత గట్టిగా చెప్పాడు.